బెజవాడ ఆడపడుచు

సికిందరాబాదులో కాపురముండే కోస్తా వాళ్ళకు ఒక అలవాటుంది. నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా, ఇల్లు ఇక్కడే కట్టుకున్నా, పిల్లల పెళ్ళిళ్ళు ఇక్కడే చేసినా, "మీదేవూరండీ?" అని అడిగితే మాత్రం ఠక్కున బెజవాడనో, గుడివాడనో, తెనాలనో చెబుతారు. వాళ్ళ లెక్కలో ఊరంటే పుట్టినవూరే. ఆడవాళ్ళయితే మరీను. అత్తవారింట ఎన్ని మేడలున్నా పుట్టింటి పెరట్లో కరివేపాకు రుచే వేరంటారు.

జంటనగరాల వాళ్ళం గొప్పగా చెప్పుకునే పేరొకటి ఉంది. మన స్టేషనుకు పడమరగా, బేగంపేట పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ళ 2014లో మైక్రోసాఫ్టు కంపెనీకి అధిపతి అయ్యారు. ఆటో నడిపేవాడు కూడా ఆ స్కూలు గోడ చూపించి ఆయన పేరు చెబుతాడు. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో అదే కంపెనీ డైరెక్టర్ల సభలోకి మరో తెలుగావిడ వచ్చి కూర్చున్నారు. ఆవిడ పేరు పద్మశ్రీ వారియర్. ఊరు బెజవాడ. ఈవిడ సంగతి మనలో చాలామందికి తెలియదు. అంచేత, ఈసారి బెజవాడ వెళ్ళినప్పుడు కొండా, కృష్ణా చూసి వచ్చేయకుండా, ఆవిడ చదువుకున్న ఊరిగా ఆ ఊరిని ఒకసారి చూసి వద్దామనిపించింది.

సికిందరాబాదు స్టేషను ఇప్పుడు పాతవాళ్ళకు గుర్తు తెలిసేటట్టు లేదు. కొత్త భవనాల కోసం పాత ముఖద్వారాన్ని 2025లో పడగొట్టారు. పట్టాలు మాత్రం పాత దారినే పోతున్నాయి. నిజాము రైల్వే వాళ్ళు 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు బండి తెచ్చారు. ఆ తరువాత దాన్ని ఓరుగల్లు మీదుగా పొడిగించి 1889 నాటికి బెజవాడలో కలిపారు. అంతా మూడువందల యాభై కిలోమీటర్లు. వందేభారత్ బండి ఆ దూరాన్ని నాలుగు గంటల్లో మింగేస్తోంది. కిటికీలు తెరుచుకోవు గనుక స్టేషన్లలో టీ కేకలు వినబడవు. అదొక్కటే నాకు లోటు.

భువనగిరి ఏకశిల వెనక్కి పోయింది. కాజీపేట, ఓరుగల్లు దాటాయి. నా పక్క సీట్లో ఒక తల్లీ, పదిహేడు పద్ధెనిమిదేళ్ళ కూతురూ ఉన్నారు. మాటల్లో తెలిసిందేమంటే, పిల్లకు ఢిల్లీ ఐ.ఐ.టి.లో సీటు వచ్చింది. బెజవాడలో నాయనమ్మ ఒప్పుకోవడం లేదు. ఆ ఒప్పందానికే వీళ్ళ ప్రయాణం.

"మా అత్తగారిదొకటే మాట బాబాయిగారూ, అంత దూరం పోయిన పిల్ల మళ్ళీ మన గడప తొక్కుతుందా అని. నాకూ లోపల అదే భయం," అంది ఆ తల్లి.

"మీ బెజవాడ అమ్మాయి ఒకావిడ ఏనాడో వెళ్ళిందమ్మా ఆ కాలేజీకే," అన్నాను.

అంతవరకూ ఫోనులో తల దూర్చి ఉన్న పిల్ల తలెత్తి, "ఎవరు తాతగారూ?" అంది. తల్లికి బాబాయినైన వాణ్ణి కూతురికి తాతనయ్యాను. డోర్నకల్లు నుంచి మధిర దాకా నేను చెప్పిన కథ ఇది.

యెల్లేపెద్ది పద్మశ్రీ గారు 1960లో బెజవాడలో పుట్టారు. చిల్డ్రన్స్ మాంటిసోరి స్కూలులోనూ, మారిస్ స్టెల్లా కాలేజీలోనూ చదివి ఢిల్లీ ఐ.ఐ.టి.లో కెమికల్ ఇంజనీరింగులో చేరారు. ఇప్పటి మాదిరి కాదు ఆ రోజులు. 2018 నుంచి ఐ.ఐ.టి.లలో అమ్మాయిల కోసం అదనపు సీట్లు ఏర్పరచారు. 2020 నాటికి నూటికి ఇరవై మంది అమ్మాయిలుండేటట్టు చేశారు. డెబ్బయిల్లో ఆ ఏర్పాటేదీ లేదు, క్లాసులో అమ్మాయిలను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 1982లో పట్టా పుచ్చుకుని అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. చేతిలో వంద డాలర్లూ, తిరుగు ప్రయాణం లేని టిక్కెట్టూ పెట్టుకుని విమానమెక్కానని ఆవిడే చెప్పుకునేవారు.

1984లో మోటరోలా కంపెనీలో చేరారు. కెమికల్ ఇంజనీరుకు ఎలక్ట్రానిక్ చిప్పుల కార్ఖానాలో పనేమిటని ఆ పిల్లే అడిగింది. పనంతా వాళ్ళదే! సిలికాన్‌ను పలచటి బిళ్ళలుగా కోసి, వాటిమీద పొర తరువాత పొర పరిచి, ఆమ్లాలతోనూ వాయువులతోనూ వెంట్రుక కంటే సన్నని దారులు చెక్కాలి. మన ఆడవాళ్ళు వాకిట ముగ్గు పెట్టినట్టే ఉంటుంది గాని, ఇక్కడ దుమ్ము కణం ఒక్కటి పడితే ముగ్గంతా పాడు. అందుకని లోపలివాళ్ళు తల నుంచి కాలి దాకా ముసుగేసుకుని పని చేస్తారు. ఆ ముసుగుల్లో ఆడవాళ్ళు బహు తక్కువ ఉన్న రోజుల్లో ఆవిడ అరిజోనాలో పని మొదలెట్టారు. పందొమ్మిదేళ్ళు తిరిగేసరికి, 2003లో, ఆ కంపెనీకే ప్రధాన సాంకేతికాధికారి అయ్యారు. 2007 డిసెంబరులో సిస్కో కంపెనీకి అదే హోదాలో వెళ్ళి, 2015 దాకా ఉన్నారు. ఫోర్బ్స్ పత్రిక ప్రపంచంలోని శక్తిమంతులైన స్త్రీల జాబితాలో ఆవిడ పేరు వేసింది.

ఆ తరువాతిది విచిత్రమైన మలుపు. చైనా కోస్తాలో షాంఘై నగరం ఉంది గదా, అక్కడ 2014లో నియో అనే విద్యుత్ కార్ల కంపెనీ పుట్టింది. దాని అమెరికా శాఖకు అధిపతిగా పద్మశ్రీ గారు వెళ్ళారు. మన కోస్తా ఆడపడుచు చైనా కోస్తా వాళ్ళ కంపెనీని అమెరికా కోస్తాలో నడిపిందన్న మాట! 2017 ఫిబ్రవరిలో ఆ కంపెనీ కారు టెక్సాస్‌లో పందేల బాట మీద, నడిపే మనిషి లేకుండా, గంటకు 257 కిలోమీటర్ల వేగం అందుకుని చుట్టు తిరిగి వచ్చింది. 2018 డిసెంబరులో ఆవిడ ఆ ఉద్యోగం వదిలేశారు. ఎక్కిన మెట్టు దిగడానికి వెనుకాడే మనిషి కారు. నాకు అదే ఎక్కువ నచ్చింది.

"బాగానే ఉంది బాబాయిగారూ. మరి ఆవిడవల్ల బెజవాడకేం ఒరిగింది?" అంది తల్లి.

ఆ ప్రశ్న ఊళ్ళో దిగాక కూడా నన్ను వదల్లేదు. కొండపల్లి గుట్టలు దాటి బండి ఆగింది. ఆ తల్లీకూతుళ్ళు ఆటో ఎక్కి సత్యనారాయణపురం వైపు వెళ్ళిపోయారు. నేను ముందు కృష్ణ ఒడ్డుకు పోయాను.

బెజవాడను కోస్తా అంటాం గాని సముద్రం బందరు వైపు ఎక్కడో ఉంది. ఇక్కడున్నదల్లా కృష్ణ. ఆ నీటికి 1855లో ఆనకట్ట కట్టారు. కాలవలు పారాయి, డెల్టా పండింది, రైతు చేతిలో నాలుగు డబ్బులాడాయి. ఆ డబ్బు కొంత సినిమాల్లోకి పోయిందనుకోండి, కొంత చదువుల్లోకీ వచ్చింది. పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. దానికి రెండేళ్ళ ముందు, 1955లో, వేగే కోటేశ్వరమ్మ గారు ఈ ఊళ్ళో మాంటిసోరి బడి పెట్టారు. ఆవిడకు 2017లో పద్మశ్రీ బిరుదం వచ్చింది. 2019లో కాలం చేశారు. 1962లో ఫ్రాన్సిస్కన్ సన్యాసినులు మారిస్ స్టెల్లా కాలేజీ తెరిచారు. ఆ లాటిన్ మాటకు సముద్ర నక్షత్రమని అర్థం. సముద్రం లేని ఊళ్ళో సముద్ర నక్షత్రం! ఆడపిల్లల కోసమే పెట్టిన ఆ కాలేజీ పద్మశ్రీ గారికంటే రెండేళ్ళు చిన్నది.

ఏడేళ్ళలో ఒక బడి, ఒక బ్యారేజీ, ఒక కాలేజీ. వీటిలో బ్యారేజీ మీద అందరూ ఫోటోలు దిగుతారు. బడినీ కాలేజీనీ చూడ్డానికి యాత్రికులెవరూ రారు. ఆడపిల్ల అత్తవారింటికి పోయేటప్పుడు పుట్టింటివాళ్ళు సారె కట్టి పంపుతారు గదా. వంద డాలర్లు ఎంతోకాలం వచ్చి ఉండవు. బెజవాడ కట్టి పంపిన సారె ఈ రెండు చోట్లా ఇచ్చిన చదువు. సారె పెట్టినవాళ్ళు లెక్క అడగరు. కాబట్టి ఆ తల్లి ప్రశ్నను తిరగేసి, అలాంటి పిల్లకు ఊరేమిచ్చి పంపిందని అడగడమే న్యాయమనిపించింది. ఇప్పుడు ఊరంతా హాస్టళ్ళే. ర్యాంకుల ఫ్లెక్సీలు గోడగోడకూ ఉన్నాయి. పిల్లలు తెల్లవారుజామున లేచి లెక్కలు చేస్తూ నిద్రకు తూలుతుంటారు. ఐ.ఐ.టి.కి వెళ్ళేవాళ్ళ సంఖ్య పెరిగింది, కాదనను. మాంటిసోరి పద్ధతి అంటే పిల్ల తన చేతులతో తాను తడుముకుంటూ నేర్చుకోవడం. ఆ తీరిక ఈ హాస్టళ్ళలో పిల్లలకెవరు ఇస్తున్నారు?

పద్మశ్రీ గారు తీరిక చిక్కితే బొమ్మలు వేస్తారు, హైకూలు రాస్తారు. 2019లో పుస్తకాలు చదివేవాళ్ళను ఒకచోట కలిపే ఫేబుల్ అనే కంపెనీ స్థాపించారు. చిప్పులూ, కార్లూ చేసిన మనిషికి పుస్తకాల మీద మనసెందుకు పోయిందని అమెరికా వాళ్ళు ఆశ్చర్యపడితే పడవచ్చు. ఏలూరు రోడ్డు మీద నడిచినవాడు ఆశ్చర్యపడడు. తెలుగు పుస్తకాల అచ్చు, అమ్మకం సగం ఈ రోడ్డు మీదే సాగిన రోజులున్నాయి. జనవరి వస్తే పుస్తకాల పండుగకు సంచులు పట్టుకుని జనం తీర్థానికి వచ్చినట్టు వస్తారు. ఈ ఊళ్ళో పెరిగిన పిల్లకు పుస్తకం కొత్తేమిటి?

సాయంత్రం బెంజి సర్కిలు వైపు వెళ్ళాను. మారిస్ స్టెల్లా గేటు ముందు కాలేజీ వదిలేసిన వేళ. భుజాన సంచులతో గుంపులు గుంపులుగా అమ్మాయిలు, రోడ్డు దాటడానికి లారీల మధ్య సందు వెతుక్కుంటున్నారు. చెరకురసం బండివాణ్ణి, "ఇక్కడ చదివినవాళ్ళలో పెద్దవాళ్ళయిన వాళ్ళెవరైనా తెలుసా?" అని అడిగాను.

"చాలామందే ఉంటారండీ. అందరూ ఇక్కడే రసం తాగి వెళ్ళినవాళ్ళే," అన్నాడు గ్లాసు కడుగుతూ.

రాత్రి బండికి తిరిగి వస్తుంటే ఫోను మోగింది. దిగేముందు ఆ తల్లికి నంబరిచ్చాను. నాయనమ్మ ఒక షరతు మీద ఒప్పుకుందట: పిల్ల ప్రతి సంక్రాంతికీ ఇంటికి రావాలి, టిక్కెట్టు రానూపోనూ కలిపి ముందే కొనాలి.