ఎవరి న్యాయం వారిదేనా?

కిందటి సంక్రాంతికి మా రేపల్లె నుంచి బాపట్లకు ప్రయాణమయ్యాను. వెంట మా మేనకోడలు. విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదువుతోంది.

"మెటా ఎథిక్స్ పాఠం మొదలైంది మావయ్యా. ఏది మంచి, ఏది చెడు అని నీతిశాస్త్రం అడుగుతుంది. ఇది ఇంకో మెట్టు వెనక్కి వెళ్ళి, 'తప్పు' అన్నప్పుడు మనం అసలేమంటున్నాం, ఆ తప్పనేది లోకంలో ఉన్న విషయమా, మన మనసులో పుట్టిందా అని అడుగుతుంది. నాకేమీ పాలుపోవడం లేదు" అంది.

"ఇందులో ఏముందమ్మా, ఎవరి న్యాయం వారిది" అన్నాను. చిరకాలంగా అది నా ఊతపదం. వినడానికి ఉదారంగా ఉంటుంది. వాదన తప్పుతుంది.

బండి కదిలాక ఆమె 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ప్రస్తావన తెచ్చింది. కృష్ణకు ఆవల దివిసీమలోనూ, ఈవల మా తీరంలోనూ వేలమందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన అది.

"అంత ఘోరం జరిగినా, తుపాను తప్పు చేసిందని ఎవరూ అనరు కదా?"

అనరు. నష్టం వేరు, తప్పు వేరు. నష్టాన్ని లెక్కకట్టవచ్చు. తప్పును ఏ కొలతతో పట్టుకోవాలి? 'ఉన్నది' నుంచి 'ఉండవలసినది' దానంతటది పుట్టదని 18వ శతాబ్దంలోనే హ్యూమ్ హెచ్చరించాడు. ఆ మీదట దారులు చీలాయి. మంచితనం నిజంగా ఉన్న గుణమే, కాని దాన్ని మరొక గుణంగా విడమరచి చెప్పలేమన్నాడు మూర్, 1903లో. 'తప్పు' అనడం అయిష్టాన్ని వెళ్ళబుచ్చడమే తప్ప ఒక సత్యాన్ని చెప్పడం కాదన్నాడు ఏయర్, 1936లో. సత్యం చెబుతున్నామనే మనం అనుకుంటాం గాని, అలాంటి సత్యాలు లోకంలో లేనే లేవన్నాడు మాకీ. అది ఉప్పెన వచ్చిన 1977లోనే.

తెనాలిలో బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతుంటే త్రిపురనేని రామస్వామి చౌదరిగారు గుర్తుకొచ్చారు. ఈ ఊళ్ళో స్థిరపడిన ఆయన 1920లో 'శంబూకవధ' నాటకం రాశారు. తపస్సు చేసిన శూద్రుణ్ణి చంపడం అన్యాయమని వాదించారు. ఎవరి న్యాయం వారిదే అయితే త్రేతాయుగం న్యాయం త్రేతాయుగానిది. రామస్వామిగారు నోరెత్తడానికి చోటే లేదు. ఆచారాన్ని తప్పుపట్టేవాడికి ఆ ఆచారానికి వెలుపల కాలూనడానికి జానెడు నేలైనా కావాలి.

"ఆయన తన అయిష్టాన్ని చెప్పుకున్నాడంతే అంటాడు ఏయర్" అంది మేనకోడలు.

"కావచ్చు. కాని ఆయన కారణాలు చూపించి ఒప్పించబోయారు. వట్టి అయిష్టానికి అంత శ్రమ దేనికమ్మా?"

తెనాలి దాటితే వచ్చే స్టేషను చుండూరు. ఇద్దరం మాట్లాడలేదు. 1991 ఆగస్టు 6న ఇక్కడ ఎనిమిదిమంది దళితులను చంపారు. ఆ ఊళ్ళోనే నెలకొల్పిన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసి, అందరినీ నిర్దోషులన్నది. ఎవరు చేశారన్నది సాక్ష్యాలు తేల్చవలసిన ప్రశ్న. దాని జవాబు కోర్టు కోర్టుకూ మారవచ్చు. జరిగినది తప్పా కాదా అన్నది మాత్రం ఏ తీర్పుతోనూ మారేది కాదు.

91లో మా వీధి అరుగుల మీద రెండు రకాల మాటలూ విన్నాను. "వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా" అన్నవారి ముందు కూడా నోరు మెదపలేదు. ఎవరి న్యాయం వారిదని లేచి వచ్చేశాను. ఉదారత అనుకున్నాను. పిరికితనమని ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

బాపట్లలో దిగుతుంటే ఆమె అడిగింది. "మరి మాకీకి ఏం జవాబు చెబుతావు? ఆ తప్పు ఎక్కడుందో చూపించమంటాడు."

"చూపించలేనమ్మా. పాఠం పూర్తయ్యాక నువ్వే నాకు చెప్పాలి. ఈలోగా ఆ ఊతపదం మాత్రం మానేస్తాను" అన్నాను.