అత్తమ్మ దులిపిన చొక్కాలు

పోయిన దసరా నుంచి మా మామయ్యకు ఆయాసం. మెదక్‌లో మా ఇంటి మెట్లు పదిహేను. ఏడో మెట్టు మీదే కూచుండిపోయేవారు. ముందు టీబీ అన్నారు, మందులు వాడాం. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీయిస్తే వారానికే మళ్లీ చేరేది. చివరికి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ముక్క పరీక్ష చేశాక జబ్బు పేరు తెలిసింది: మెసోథీలియోమా.

"ఏం పని చేసేవారు?" అని అడిగింది డాక్టరమ్మ. సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు, ఆస్బెస్టాస్ బస్తాలు కోసి పోసే పని. ఆ సన్నటి పోగులు ఊపిరితో లోపలికి పోయి, ఇరవై, నలభై ఏళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తి పైపొరకు క్యాన్సర్ తెస్తాయట.

"బీడీ కూడా ముట్టలే గదమ్మా" అన్నారు మామయ్య. ఈ జబ్బుకు బీడీతో పనే లేదట.

ఆపరేషన్‌కు డెబ్బై నాలుగేళ్ల ఒళ్లు తట్టుకోదన్నారు. మిగిలినవి రెండు దారులు. ఒకటి పెమెట్రెక్సెడ్‌తో పాటు ఇంకో మందు కలిపి మూడు వారాలకోసారి ఎక్కించే కీమో. దానికి వారం ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బి12 సూది. రెండోది ఇమ్యునోథెరపీ. 605 మంది మీద చేసిన పరిశోధనలో కీమో తీసుకున్నవాళ్లలో సగం మంది 14 నెలలు దాటి బతికితే, ఇమ్యునోథెరపీతో సగం మంది 18 నెలలు దాటారట. పూర్తిగా నయం చేసే మందు మాత్రం లేదు.

మా ఆయన పొలం అమ్ముదామన్నారు. "నాలుగు నెలలకు పొలం అమ్ముతావురా?" అన్నారు మామయ్య. కీమోకు ఒప్పుకున్నారు. నీరు మళ్లీ చేరకుండా లోపలికి టాల్కు పొడి పంపి పొరలు అతికించారు. అప్పటినుంచి రాత్రి పడుకోగలుగుతున్నారు.

ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు పనిలో చేరినప్పటినుంచి కనీసం 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మామయ్య చేతికి మాత్రం ఒక్క కాగితమూ రాలేదు.

ఓ రాత్రి అత్తమ్మ నా పక్కన కూచుని మెల్లగా అడిగింది: "ఆ చొక్కాలు రోజూ వాకిట్ల దులిపి ఉతికింది నేనే గద బిడ్డా?"

నాకు మాట రాలేదు. మర్నాడు డాక్టరమ్మకు ఫోన్ చేశాను. భర్తల బట్టలు ఉతికిన ఆడవాళ్లకూ ఈ జబ్బు వచ్చిన సందర్భాలున్నాయి, కానీ అందరికీ రాదు అంది. అత్తమ్మను తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. ప్రస్తుతానికి ఏమీ లేదన్నారు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పని చేసి ఉంటే, ఆయాసమని ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ సంగతి మీరే ముందు చెప్పండి. మీ పని ఏమిటని అడిగితే ఇంటిపని అని ఊరుకోకండి. ఎవరి బట్టలు ఉతికారో కూడా చెప్పండి. పాత సిమెంటు రేకులు ఇంట్లో కోయించకండి, ఆ పొడిని చీపురుతో ఊడ్వకండి.

మామయ్యకు రేపు నాలుగో కీమో. పొద్దున్నే బస్సు. అత్తమ్మ ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది.