బల్బు చూస్తూ భూమిని మరచి

మేడ్చల్ పరిసరాల్లో ఉండే మాకు విమానాల మోత కొత్త కాదు. పడమట దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ, శామీర్‌పేట వెళ్ళే దారిలో హకీంపేట స్థావరం. అలవాటైన చప్పుడు చెవికి ఎక్కదు. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుండి లేచిన పిలాటస్ శిక్షణ విమానం తూప్రాన్ వద్ద కూలి, శిక్షకుడూ శిష్యుడూ మరణించిన తరువాత కొన్నాళ్ళపాటు అందరమూ తలెత్తి చూశాము.

ఇటువంటి ప్రతి వార్త వెంటా, విచారణ మొదలవక ముందే, "పైలటుదే పొరపాటయి ఉంటుంది" అనే మాట వస్తుంది. ఆ మాట నాకెప్పుడూ అసంపూర్ణంగానే తోస్తుంది. పొరపాటు ఎవరిదో చెబుతుంది గాని, ఎలా జరిగిందో చెప్పదు.

1972 డిసెంబరు 29 రాత్రి మయామీలో దిగబోతున్న ఈస్టర్న్ 401 విమానంలో, ముందు చక్రం దిగినట్లు తెలిపే దీపం వెలగలేదు. కాక్‌పిట్‌లో ఉన్న నలుగురూ ఆ దీపం సంగతిలోనే మునిగిపోయారు. ఈలోగా ఎత్తును నిలిపి ఉంచే ఆటోపైలట్ అమరిక ఊడింది. విమానం మెల్లగా దిగుతూ పోయి చిత్తడినేలను తాకింది; 101 మంది మరణించారు. చక్రం నిజానికి దిగే ఉంది, మాడినది బల్బు మాత్రమే. పొయ్యి దగ్గర ఎవరూ లేనప్పుడే కాదు, వంటింటి నిండా మనుషులున్నప్పుడు కూడా పాలు పొంగిపోతాయి. చూసేవారు మరొకరున్నారని ప్రతివారూ అనుకుంటారు.

మనకు మరింత దగ్గరిది 2009 సెప్టెంబరు 2. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారితో బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో కూలి ఐదుగురూ మరణించారు. తీవ్రమైన అధోముఖ గాలుల్లో చిక్కి అదుపు తప్పిందని ఆర్.కె. త్యాగి సంఘం తేల్చింది. అయితే నన్ను ఆపినది మరొక అంశం. ట్రాన్స్‌మిషన్ చమురుకు సంబంధించిన హెచ్చరిక రాగా, పైలట్లు ఆరు నిమిషాలకు పైగా సూచనల పుస్తకంలో దాని పరిష్కారం వెదుకుతూ ఉండిపోయారట. బయట చూస్తే కారుమబ్బులు.

వారు అజాగ్రత్తపరులు కారు. పుస్తకం తెరిచారంటేనే జాగ్రత్తపరులని అర్థం. ఆ జాగ్రత్త అంతా ఒక్కచోటికే చేరింది. భయపడిన మనస్సు చూపును కుదించుకుంటుంది. కనిపించే చిన్న చిక్కు, కనిపించని పెద్ద ముప్పును కప్పేస్తుంది. ఇది స్వభావమే గాని నేరం కాదు; కాబట్టి శిక్షించి మాన్పించలేము.

మాన్పించలేనిదానికి విమానయానం ఒక ఏర్పాటు చేసుకుంది. 1980ల నుండి విమాన సంస్థలు నేర్పుతున్న క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ సారాంశం ఇదే: ఒకరు చిక్కు విప్పాలి, మరొకరు విమానం నడపడం తప్ప ఇంకేమీ చేయకూడదు, ఎవరికి తేడా కనిపించినా పైకి చెప్పాలి. వినేవారుంటేనే చెప్పడానికి విలువ. 2010 మే 22న మంగళూరులో, దిగకుండా మళ్ళీ పైకి లేపుదామని సహ పైలట్ పదేపదే అన్నా, అంతకుముందే నిద్రనుండి లేచిన కెప్టెన్ వినలేదు. 158 మంది పోయారు.

పెద్దవారి మాటకు ఎదురు చెప్పకపోవడాన్ని సంస్కారంగా నేర్పే మన ఇళ్ళ నుండే దుండిగల్‌కు, హకీంపేటకు పిల్లలు వెళతారు. "సార్, ఎత్తు తగ్గుతోంది" అనడం వారికి అక్కడ కొత్తగా నేర్పవలసిన విద్య. విని వెంటనే బల్బు మీదనుండి కన్ను తీయడం ఆ సార్ నేర్చుకోవలసినది. రెండవదే కష్టమని నా అనుమానం.