డొక్క చెప్పే కబురు

పిల్లలూ! పశువైద్యం చదివేవాడికి సొంత పశువులుంటే, వాటిని చూసుకునేదెవరు? నాకొచ్చిన చిక్కు ఇదే.

మాది నెల్లూరు జిల్లా అల్లూరు. ఇంట్లో రాముడు, భీముడు అని ఒంగోలు జాతి ఎద్దులు రెండున్నాయి. వాటిని దూడలనాటినుంచి పెంచింది నేనే. చదువు మాత్రం తిరుపతిలో, 1955లో పెట్టిన పశువైద్య కళాశాలలో. మొత్తం ఐదున్నర సంవత్సరాలు!

అక్కడ ఒక సంగతి నేర్చుకున్నాను. ఎద్దు పొట్టలో నాలుగు అరలుంటాయి. వాటిలో పెద్దది ఎడమవైపు ఉంటుంది. మేసిన గడ్డి అందులో పులుస్తుంది. ఎడమ డొక్కమీద పిడికిలి అదిమిపెట్టి చూడండి. ఎద్దు ఆరోగ్యంగా ఉంటే ఆ అర నిమిషానికి ఒకటి రెండుసార్లు కదిలి చేతిని నెడుతుంది.

ఇది మా తమ్ముడికి నేర్పాను. వాడు రోజూ లెక్కపెట్టి ఫోనులో చెబుతాడు. ఒకనాడు, సరిగ్గా నాకు పరీక్ష ఉన్న ఉదయం, "అన్నా, భీముడి డొక్క కదలడంలేదు, నెమరూ వెయ్యడంలేదు" అన్నాడు. వెంటనే పశువుల డాక్టరుగారిని పిలుచుకు రమ్మన్నాను. నేను పరీక్ష రాసి వచ్చేసరికి మందు పడింది. మర్నాటికి భీముడు మళ్ళీ నెమరు వేశాడు.

మీ ఇంట పశువులుంటే వాటి తిండీ, నెమరూ రోజూ గమనిస్తూ ఉండండి. బాగున్నప్పుడు ఎలా ఉంటుందో ఎరిగినవాడికే జబ్బు ముందుగా కనిపిస్తుంది.