తార్నాకలో డాక్టర్ చెన్నారెడ్డి

తార్నాక చౌరస్తాలో ఇప్పుడు తలెత్తితే మెట్రో కనిపిస్తుంది. మేం చదువుకునే రోజుల్లో ఆ దారి పొడవునా చెట్లుండేవి. అక్కడి ఐఐసీటీ పరిశోధన సంస్థను అప్పుడు ఆర్‌.ఆర్‌.ఎల్‌. అనేవాళ్లం. బస్సు కండక్టర్లూ ఆ పేరే కేకేసేవారు. తార్నాక అనగానే పెద్దవాళ్లకు మర్రి చెన్నారెడ్డి ఇల్లు కూడా గుర్తొచ్చేది.

1969లో ప్రత్యేక తెలంగాణ కోసం ఉస్మానియా హాస్టల్ గదుల్లో చదువు ఆగిపోయి సైక్లోస్టైల్ యంత్రాలు తిరిగాయి. మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద ఉక్కు కలంతో గీకి రాసేవాళ్లం. గట్టిగా నొక్కితే చిరిగేది, మెల్లగా రాస్తే అక్షరం పడేది కాదు. ఒకరు పిడి తిప్పుతుంటే మరొకరు తడి ఆరని కరపత్రాలు నేలంతా పరిచేవారు. కిరోసిన్ స్టవ్ మీద మైదా ఉడికించి, పొద్దుపోయాక గోడలకు పోస్టర్లు అంటించి వచ్చేవాళ్లం. వేళ్లకంటిన సిరా వారం దాకా పోయేది కాదు.

విద్యార్థులు మొదలుపెట్టిన ఆ ఉద్యమానికి రాజకీయ నాయకత్వం చెన్నారెడ్డిదే అయింది. ఉస్మానియాలో వైద్యం చదివిన మనిషి, తెలుగులోనూ ఉర్దూలోనూ సభను కట్టిపడేసేవారు. ఎన్నిక చెల్లదన్న కోర్టు తీర్పుతో 1968లో కేంద్రమంత్రి పదవి పోగొట్టుకున్నాక వచ్చి చేరారని గిట్టనివాళ్లు అనేవారు. మేం మాత్రం నమ్మాం. పోలీసు కాల్పుల్లో తోటి పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నా నమ్మకం సడలలేదు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఆయన నడిపిన తెలంగాణ ప్రజా సమితి తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచింది. ఆ సెప్టెంబరులోనే పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. అమ్ముడుపోయారని కొందరు, అంతకన్నా దారి లేదని కొందరు. ఒకే గదిలో ఉన్న స్నేహితులు ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు.

తర్వాత ఆయన ఉత్తరప్రదేశ్, పంజాబ్, రాజస్థాన్, తమిళనాడులకు గవర్నరయ్యారు. 1978లో ఒకసారి, 1989లో మరోసారి సమైక్య రాష్ట్రానికే ముఖ్యమంత్రి అయ్యారు. 1978లో ఏర్పడ్డ రంగారెడ్డి జిల్లాకు మేనమామ కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టారు. 1990 డిసెంబరులో నగరంలో మత కల్లోలం చెలరేగి నెత్తురు పారాక గద్దె దిగారు. 1996 డిసెంబరు 2న, తమిళనాడు గవర్నరుగా ఉండగానే కన్నుమూశారు. ఇందిరా పార్కులో సమాధి ఉంది.

ఆయనను ఒక్క ముక్కలో తేల్చేయడం అన్యాయం. తెలంగాణ కోరికకు ఓట్ల బలముందని దేశానికి రుజువు చేసింది ఆయనే. ఆ బలాన్ని తీసుకెళ్లి ఢిల్లీ చేతిలో పెట్టిందీ ఆయనే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చేసరికి, 1969లో గోడలకు పోస్టర్లు అంటించినవాళ్లలో చాలామంది లేరు. ఉన్నవాళ్లు ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డారు. మీ ఇళ్లలో ఆనాటి కరపత్రమో ఫొటోనో ఉంటే పారేయకండి. అది ఎవరు రాశారో, ఎక్కడ పంచారో వెనకాల రాసిపెట్టండి. పొగిడినా తిట్టినా సరే, చూసినవాళ్లే చెప్పాలి.