ముల్లు 45 చూపించింది, బ్లేడు 44.5 లో ఉంది

పోస్టు కొంచెం పెద్దగుంది. సెలవుల్ల కార్పెంటర్ పనికి పోయేటోళ్లు పూర్తిగా చదవండి.

పోయిన ఎండాకాలం హాస్టల్ మూసినంక ఒక చెక్క పని షెడ్డుల చేరిన. పరీక్ష ఫీజు కోసమే. మా బాపు బాడిస, ఉలి పట్టుకొని నాగళ్లు, మంచాలు చేసేటోడు కాబట్టి చెక్క నాకు కొత్త కాదు. మిషన్ కొత్త. బల్ల మధ్యల నుంచి గుండ్రటి బ్లేడు పైకి లేస్తది, పక్కన చక్రం తిప్పితే అది వంగుతది, ముందర ముల్లు ఎన్ని డిగ్రీలో చూపిస్తది.

టేకు పెట్టెల ఆర్డర్ వచ్చింది. నాలుగు పలకల అంచులు 45 డిగ్రీలల్ల ఏటవాలుగ కోసి, మూలలు కలిపి జిగురు పెట్టాలె. ముల్లు 45 మీద పెట్టి కోసిన. మూడు మూలలు బాగనే కలిసినయి, నాలుగోది నోరు తెరిచింది. ఆరు పెట్టెలు అట్లనే అయినయి. సేటు వచ్చి చూసి, "అడవిల నుంచి వచ్చినోళ్లకు మిషన్ ఏం తెలుస్తది" అన్నడు. చెక్క పైసలు నా కూలిల కోసిండు. నేను ఎదురు మాట్లాడలె. తప్పు నాదే అనుకున్న. మిషన్ మీద అంకెలు అచ్చు వేసి ఉన్నయి, అవి తప్పెట్లయితయి?

ఆ రాత్రి నోట్‌బుక్కుల లెక్క వేసిన. పెట్టెకు నాలుగు మూలలు, అంటే కోత పెట్టిన అంచులు ఎనిమిది. ఒక్కో కోతల అర డిగ్రీ తేడా ఉన్నా, ఎనిమిది కలిసి 4 డిగ్రీలు అయితది. అదంతా పోయి ఆఖరి మూలల కూసుంటది. మరి ఆ అర డిగ్రీ నా చేతిలదా, మిషన్‌దా?

ఉన్న కూలి పైసలల్ల నుంచి డిజిటల్ యాంగిల్ గేజ్ తెప్పించిన. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగుంటది, అడుగున అయస్కాంతం. వచ్చిన రోజే ఆత్రంగ బ్లేడుకు అతికించిన. 46.1 అన్నది! సంబరపడి, చక్రం తిప్పి 45.0 కి తెచ్చి, పనికిరాని ముక్కలు కోసి చూసిన. సందు మునుపటికి మూడింతలైంది. ఏడుపొక్కటే తక్కువ.

తెల్లారి షెడ్డు కడుగుతుంటే నీళ్లు ఒక మూలకు పోతున్నయి. అప్పుడు బుర్రకెక్కింది. గచ్చు వాలుగ ఉంది, దాని మీద మిషన్ కూడ వాలింది. గేజ్ భూమి మట్టాన్ని బట్టి చెప్తది. నాకు కావల్సింది బల్లకూ బ్లేడుకూ మధ్య కోణం. అందుకే మొదలు బల్ల మీద, బ్లేడు వంగే దిక్కుకే గేజ్ పెట్టి జీరో నొక్కాలె, తర్వాత బ్లేడుకు అతికించాలె. అట్ల చేస్తే 43.4 వచ్చింది. మళ్ల ముల్లును 45 మీదికి తెచ్చి చూస్తే 44.5. ముల్లే జరిగి ఉంది!

కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. గేజ్ పెట్టే ముందు ప్లగ్గు పీకాలె, స్విచ్ ఆపితే సరిపోదు. పండ్ల మీద కాదు, బ్లేడు చదును మీద అతికించాలె. కింద పొట్టు ఇరుక్కుంటే అంకె మారుతది, తుడవాలె. మిషన్ కదిలిస్తే మళ్ల జీరో చేయాలె. పని అయినంక గేజ్ తీసేయడం మర్చిపోతే, బ్లేడు తిరగంగనే అది ఎగిరి ఎవరికి తగులుతదో చెప్పలేం.

చెక్కను ఆనించి తోసే ఫెన్సు కూడ చూసుకోవాలె. దానికి డిజిటల్ వెర్నియర్ వాడిన. బల్లల గాడి నుంచి ఫెన్సుకు ముందర ఎంత, వెనక ఎంత అని కొలిచిన. వెనక దిక్కు 0.6 మిల్లీమీటర్లు బ్లేడు వైపు జరిగి ఉంది. (బ్లేడు ఆ గాడికి సమానంగ ఉందా లేదా అన్నది దానికంటే ముందే చూడాలె. ఒకే పన్నుకు గుర్తు పెట్టి, ముందూ వెనకా కొలవాలె.) అట్ల వెనక ఇరుకుంటే బ్లేడు చెక్కను పట్టి మన మీదికే విసురుతది. నాతో పనిచేసే బీహార్ అన్నకు కడుపుల ముక్క తగిలి రెండు రోజులు లేవలే. అప్పుడు అందరం ఆయన్నే అన్నం, చూసి కొయ్యాలె కదా అని. నేను కూడ అన్న.

వెర్నియర్ 0.01 దాక చూపిస్తది గని దాని వెనక పడకండి. వాన పడితే చెక్క అంతకంటే ఎక్కువ ఉబ్బుతది. చివరికి రెండు ముక్కలు కోసి, కలిపి, మూలమట్టం పెట్టి చూసుడే.

ఇంటికి పోయినప్పుడు బాపుకు గేజ్ చూపించిన. అటు ఇటు తిప్పి చూసి, "పెట్టె మూల నుంచి మూలకు తాడు పెట్టినవా?" అని అడిగిండు. మంచం చేసినప్పుడు ఆయన అట్లనే చూస్తడు, రెండు ఎదురు మూలల తాళ్లు సమానం వస్తే చౌకం సరిగ్గున్నట్టు. మొదటి పెట్టెకే నేను తాడు పెట్టి ఉంటే మిగిలిన ఐదు పాడయ్యేటివి కావు. పెట్టలె. మిషన్ దగ్గర తాడు తీస్తే నవ్వుతరని అనుకున్న.

తర్వాత పెట్టెలు మంచిగ వచ్చినయి. సేటు ముల్లు సరిచేయించిండు, గేజ్ షెడ్డుకు ఇచ్చిపొమ్మన్నడు. ఇవ్వలె. కోసిన కూలి అడిగితే "చూద్దాం" అన్నడు, ఇంకా చూస్తనే ఉన్నడు. ఫీజు మా అక్క కట్టింది.

గేజ్ నా హాస్టల్ పెట్టెల ఉంది. ఈ సెలవుల్ల మిషన్ పనికి పోయేటోళ్లు మెసేజ్ పెట్టండి, ఇస్త. బ్యాటరీ మాత్రం కొత్తది వేసుకోండి.