పలక కన్నా ముందు మట్టిముద్ద

"పిలగాడు రాస్తలేడు సారూ. రెండక్షరాలు దిద్దంగనే చెయ్యి గుంజుతుందంటడు."

చర్ల దారిలోని ఓ పల్లె నుంచి నాలుగున్నరేళ్ళ కొడుకును భద్రాచలంలో నా దగ్గరికి తీసుకొచ్చిన తండ్రి మాటలివి. బడిలో మందబుద్ధి అన్నారట. కళ్ళు చూశాను, నరాలు పరీక్షించాను. లోపమేమీ లేదు. పెన్సిల్ ఇస్తే పిడికిలితో బిగించి పట్టుకున్నాడు. గోళ్ళు తెల్లబడేంత గట్టిగా నొక్కుతున్నాడు.

నా బల్ల కింద తడిగుడ్డ చుట్టిన బంకమట్టి ఎప్పుడూ ఉంటుంది. ఓ ముద్ద తీసి చేతిలో పెట్టి, "ఎద్దును చెయ్యరా" అన్నాను. పొట్ట చేశాడు, కొమ్ములు పెట్టాడు, పుల్లల్లాంటి కాళ్ళు అతికించాడు. నిలబెట్టగానే కూలబడింది. ఏడవలేదు. కాళ్ళు పీకి లావుగా చేసి పెట్టాడు. ఈసారి ముందుకు ఒరిగింది. తల గిల్లి చిన్నది చేశాడు. మూడోసారికి ఎద్దు నిలబడింది. ఆ పావుగంటలో చెయ్యి నొప్పి మాటే ఎత్తలేదు.

పలక మీద గీసిన ఎద్దుకు రెండు కాళ్ళున్నా చెల్లుతుంది. మట్టి ఎద్దుకు నాలుగూ కావాలి, బరువూ కుదరాలి. ముందు, వెనక, ఎత్తు, లోతు అన్నీ చేత్తో తడిమి తెలుసుకోవాలి.

పుట్టినప్పుడు మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలూ సాధారణంగా మృదులాస్థిగానే ఉంటాయి, ఎక్స్‌రేలో కనబడవు. ఒక్కొక్కటే గట్టిపడుతూ, చివరిది కనబడేసరికి సుమారు తొమ్మిది, పదేళ్ళు వస్తాయి. చూసి గీయడానికీ ఓ వరుస ఉంది: మూడేళ్ళకు సున్నా, నాలుగేళ్ళకు కూడిక గుర్తు, ఐదేళ్ళకు త్రిభుజం. త్రిభుజమింకా రాని చేతిని ఒత్తులు, గుడులు రాయమని కొడితే ఆ చెయ్యి ఏం చేయగలదు? మట్టిని పిసికితే అరచేతికి బలం వస్తుంది. గిల్లి తీసే బొటనవేలు, చూపుడువేలే రేపు పెన్సిల్ పట్టుకుంటాయి.

మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఓ తల్లి, ఐదేళ్ళ కూతురిని తెచ్చింది. చలికాలం నెగడులో కుడిచెయ్యి కాలింది. పుండు మానింది కానీ వేళ్ళు ముడుచుకుపోతున్నాయి. ముట్టుకుంటే కెవ్వుమంటోంది. మా మాట ఆమెకు రాదు, ఆమె కోయభాష నాకు రాదు. కొత్త చర్మం కదా అని మట్టి వద్దనుకుని, నూనె కలిపిన గోధుమపిండి ముద్ద ముందు పెట్టాను. రొట్టె ఒత్తుతున్నట్టు తనే అరచెయ్యి చాపింది. ఆ ఆట ఇంట్లోనూ ఆడించమని ఆశా కార్యకర్త తల్లికి కోయలో చెప్పింది. రోజూ రెండుపూటలా అదే ఆట. నెలన్నరకు వేళ్ళు దాదాపు పూర్తిగా చాచింది.

"మట్టి ముట్టుకోనిస్తే తింటది సారూ" అని భయపడే తల్లులున్నారు. ఆ భయం తీసిపారేసేది కాదు. పదే పదే మట్టి తినే బిడ్డకు తరచూ రక్తహీనత కనబడుతుంది. అలాంటి బిడ్డకు రక్తపరీక్ష చేయించాలి, నులిపురుగుల మాత్ర వేయించాలి. అంతేగాని ఆట మాన్పిస్తే రక్తం పట్టదు. చెత్త, మలం లేని చోట మట్టి తవ్వండి, రాళ్ళు ఏరండి, ఆట కాగానే సబ్బుతో చేతులు కడగండి. మూడేళ్ళలోపు పిల్లలకు గింజలు, పూసలు మాత్రం ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. ఏడాదిన్నర నిండకముందే బిడ్డ ఒక్క చెయ్యే వాడుతుంటే డాక్టరుకు చూపించండి.

మట్టితో నేర్పడం కొత్తేమీ కాదు. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన పసిపిల్లల బడి పెట్టి చెక్క దిమ్మలు, మట్టిపని చేతికిచ్చాడు. దానికే తర్వాత కిండర్‌గార్టెన్ అని పేరొచ్చింది. మన ఊళ్ళలో ఆ సరంజామా కొనక్కర్లేదు. వెదురు తడికలకు మట్టి మెత్తి గోడలు లేపిన ఇళ్ళివి. తాటికాయల బండ్లు, తాటాకు బొమ్మలు పెరట్లోనే పుడతాయి. అమ్మ గోడ మెత్తుతుంటే బిడ్డ చేతికీ ఓ ముద్ద ఇస్తే చాలు.

ఎద్దును నిలబెట్టిన ఆ పిల్లవాడిప్పుడు రెండో తరగతి, బాగానే రాస్తున్నాడు. మట్టి ఒక్కటే కారణమనను, వయసూ కలిసొచ్చింది. తల్లులారా, పంతులమ్మలారా! రోజూ ఓ అరగంట మట్టి కలిపివ్వండి. రాయలేదని ఆ చేతుల్ని కొట్టకండి.